అనుమతులన్నీ ఉన్న ఇల్లు అక్రమమెలా అవుతుంది?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఆరేళ్ల క్రితం ఫ్లాటు కొన్నాం. ప్లానుకు మంజూరు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ అన్నీ ఉన్నాయి. బ్యాంకు న్యాయవాది పత్రాలు చూసి సరేనన్నాకే రుణం వచ్చింది. ఏటా ఆస్తి పన్ను కడుతున్నాం. ఇప్పుడు మా భవనంలో కొంత భాగం చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు) పరిధిలో ఉందని, అనుమతి ఎందుకు రద్దు చేయకూడదో చెప్పాలని నోటీసు వచ్చింది. బిల్డరేమో ‘మా లాయరే అందరి తరఫునా చూసుకుంటారు, వకాల్తా మీద సంతకాలు పెట్టండి’ అంటున్నాడు. రుణ వాయిదాలు ఆపేద్దామని కొందరి మాట. ప్రభుత్వమే అనుమతి ఇచ్చి ప్రభుత్వమే కూలిస్తే ఇదెక్కడి న్యాయం?

జవాబు: ముందుగా, ఆ వకాల్తా మీద సంతకం పెట్టకండి. ఇవాళ మీరూ బిల్డరూ ఒకే పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది. రేపు అనుమతి రద్దయితే మీరు డబ్బు అడగాల్సింది అతన్నే. అప్పుడు అతని లాయరు మీ తరఫున అతని మీదే వాదించగలడా? నివాసుల సంఘం పేరుతో వేరే న్యాయవాదిని పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్న. న్యాయం కాదు, కానీ చట్టం అలాగే ఉంది. ఒక చట్టం వద్దన్న నిర్మాణానికి అధికారి పొరపాటున సంతకం పెట్టినా, లంచం పుచ్చుకుని పెట్టినా, ఆ సంతకంతో అది సక్రమమైపోదు. ‘మీరే అనుమతించారు కదా’ అనే వాదన చట్టం ముందు నిలవదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కేరళలోని మరడులో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలకు స్థానిక పంచాయతీయే అనుమతి ఇచ్చింది. తీర ప్రాంత నిబంధనలకు విరుద్ధమంటూ 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో అవి నేలమట్టమయ్యాయి. కొన్నవారి అమాయకత్వం గోడలను కాపాడలేకపోయింది.

అయితే అదే కేసులో ఫ్లాటుకు 25 లక్షల రూపాయల చొప్పున మధ్యంతర పరిహారాన్ని ముందు రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలని, తర్వాత బిల్డర్ల నుంచి రాబట్టుకోవచ్చని కోర్టు ఆదేశించింది. నోయిడా జంట భవనాల విషయంలో, అధికారులు మంజూరు చేసిన ప్లానే చెల్లదని 2021 ఆగస్టు 31న తేల్చి, కొన్నవారికి 12 శాతం వడ్డీతో డబ్బు వాపసు ఇమ్మంది. అనుమతులిచ్చిన అధికారులను కూడా వదలలేదు. అందుకే నా క్లయింట్లకు ఒకటే చెబుతాను: ఇల్లు నిలబెట్టుకునే పోరాటం వేరు, డబ్బు రాబట్టుకునే పోరాటం వేరు. మొదటిది ఓడిపోయేదాకా రెండోది మొదలుపెట్టకపోవడమే చాలామంది చేసే తప్పు.

మొదటి పోరాటంలో నోటీసును అక్షరం అక్షరం చదవండి. ఎఫ్‌టీఎల్ అంటున్నారా, బఫర్ అంటున్నారా? రెండూ ఒకటి కావు. బఫర్ అంటే ఎఫ్‌టీఎల్ హద్దు బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన స్థలం. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. ఆ హద్దును ఏ సర్వే ఆధారంగా గీశారు? ప్రాథమిక నోటిఫికేషనా, అభ్యంతరాలు విన్నాక వచ్చిన తుది నోటిఫికేషనా? ఆ మ్యాపు నకలు సమాచార హక్కు కింద అడగండి, మీ భవనం కొలతలు సర్వేయరు చేత విడిగా తీయించండి. ఇలాంటి కేసులు గెలిస్తే ఉపన్యాసాలతో కాదు, కొలతలతోనే గెలుస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. మీ అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు దాన్ని ఇప్పటికే వాట్సాప్‌లో పంపే ఉంటారు. కానీ రోడ్లు, జలవనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి అది వర్తించదని అందులోనే ఉంది. మీ స్థలం చెరువా కాదా అన్నదే అసలు వివాదం కాబట్టి ఆ తీర్పును నమ్ముకుని ఊరుకోవద్దు. రద్దు ఉత్తర్వు వచ్చే సూచన కనిపిస్తే హైకోర్టులో రిట్ వేయడానికి కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

రెండో పోరాటం రెరాతో, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టంతో. భూమి ప్రభుత్వ శిఖం (చెరువు గర్భంలోని భూమి) అని తేలితే అది హక్కు లోపం. సెక్షన్ 18(2) కింద బిల్డర్ పరిహారం చెల్లించాలి, ఆ దావాకు కాలపరిమితి అడ్డురాదు. ఇంత బలమైన నిబంధన కొనుగోలుదారులకు మరొకటి లేదని నా అభిప్రాయం. భూమి పట్టాదే అయి, ఎఫ్‌టీఎల్‌లో పడిందనుకోండి. హక్కు ఉంటుంది, సాగు చేసుకోవచ్చు, కట్టడమే కుదరదు. అప్పుడు 18(2) కింద వాదన కాస్త బలహీనం. తప్పుడు ప్రకటనలతో అమ్మినందుకు సెక్షన్ 12 మీద ఆధారపడాలి. కాబట్టి బ్రోచరు, ప్రకటనలు, ఒప్పందం, చెల్లింపు రసీదులు ఒక్కటీ పారేయవద్దు. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది గాని అక్కడ రెండేళ్ల గడువు గుర్తుంచుకోండి.

అధికారుల సంగతి? తప్పుడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చినవారిపై వెంటనే శాఖాపరమైన చర్య తీసుకోవాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దాన్ని ఉటంకిస్తూ ఫిర్యాదు చేయండి. దానివల్ల మీకు రూపాయి రాకపోవచ్చు. కానీ అనుమతి ఫైలు బయటికి రావడానికి పనికొస్తుంది. తప్పు సమాచారం బిల్డర్ ఇచ్చాడా, తెలిసీ అధికారులు కళ్లు మూసుకున్నారా అన్నది ఆ ఫైలులోనే ఉంటుంది.

వాయిదాలు మాత్రం ఆపకండి. రుణ ఒప్పందం మీకూ బ్యాంకుకూ మధ్య. ఇల్లు చిక్కుల్లో పడినంత మాత్రాన అది రద్దు కాదు. ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది, ఆపైన బ్యాంకు నోటీసులు కూడా మొదలవుతాయి. ఇక బ్యాంకు న్యాయవాది నివేదిక. అది బ్యాంకు తన కోసం తెప్పించుకున్నది, మీకిచ్చిన హామీ కాదు. అయినా దాని నకలు అడిగి దగ్గర పెట్టుకోండి, మీరు జాగ్రత్తగానే కొన్నారనడానికి సాక్ష్యం అవుతుంది.

సమాధానానికి గడువు ఎంతో మీరు రాయలేదు. నోటీసు అందిన తేదీ నుంచి లెక్కేసి, లోపలే జవాబు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సర్వే పూర్తి కాకపోతే ఆ మాటే రాసి, మ్యాపు నకలు ఇచ్చి గడువు పొడిగించమని అందులోనే కోరండి.