స్పానిష్‌లో 'కొమీ', 'ఎ కొమీదో': రెండూ 'తిన్నాను' అయితే తేడా ఎక్కడ?

'కొమీ' అన్నా 'ఎ కొమీదో' అన్నా తెలుగులో "తిన్నాను" అనే వస్తోంది, మరి 'అబేర్' అనే సహాయక క్రియతో వచ్చే ఈ కాలాలను ఎలా పట్టుకోవాలి అని అడిగారు ('ఎ' ఆ 'అబేర్' రూపమే). మాడ్రిడ్‌లో మొదటి ఏడాది నేనూ ఇక్కడే తడబడ్డాను. నా సలహా ఒకటే: ఇంగ్లిష్ మీదుగా వెళ్ళకండి, మన 'ఉండు' మీదుగా వెళ్ళండి.

పక్కింటాయన తలుపు తట్టినా పలకలేదనుకోండి. "బయటికి వెళ్ళి ఉంటాడు" అంటాం. వెళ్ళడం అయిపోయిందని అనుకుంటూనే 'ఉంటాడు' అని భవిష్యత్ రూపం వాడుతున్నాం, ఎందుకంటే అది ఊహ. స్పానిష్ వాళ్ళదీ ఇదే పద్ధతి: 'అబ్రా సలీదో'. మా ఇంటి యజమానురాలు మొదటిసారి ఈ మాట అన్నప్పుడు, ఆయన ఇకముందు వెళతాడేమో అనుకుని అక్కడే నిలబడ్డాను! మనసులో తెలుగులోకి తిప్పుకున్నాక గాని అర్థం కాలేదు. "తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని" కూడా అంతే: 'సి లో ఉబియెరా సబీదో, అబ్రీయా బెనీదో'. 'తెలిసి'కి సబీదో, 'వచ్చి'కి బెనీదో, రెండు 'ఉండు'లకూ రెండు 'అబేర్' రూపాలు.

"నేను వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది" దగ్గర మాత్రం జాగ్రత్త. మనకు 'వెళ్ళేసరికి' అంటే చాలు, ముందు జరిగింది ఏదో తెలిసిపోతుంది. వాళ్ళు దాన్ని క్రియలోనే చూపిస్తారు: 'యా అబీయా సలీదో'.

అసలు చిక్కు మీరు అడిగిన జంటతోనే. ఒకరోజు కడుపు బాగాలేక మందుల షాపుకు వెళ్ళి 'బొమితే' అన్నాను, వాంతి అయిందని. "ఎప్పుడు, నిన్నా?" అని అడిగిందామె. గంట క్రితం అన్నాను. "అయితే 'ఎ బొమితాదో' అనాలి" అని దిద్ది, ఆ తర్వాతే మందు తీసింది. మాడ్రిడ్ లెక్క అది. ఈరోజు, ఈ వారం, ఈ ఏడాది అంటూ ఇంకా ముగియని గడువులో జరిగితే 'ఎ'; నిన్న, పోయిన వారం అని గడువు ముగిసిపోతే 'కొమీ', 'బొమితే'.

రూపాలు కష్టం కాదు. ఎ, అస్, ఆ, ఎమోస్, అబేయిస్, అన్. వాటి పక్కన ఆదో లేదా ఈదోతో ముగిసే మాట. దారి తప్పేవి డజను దాకా ఉన్నాయి: ఎచో, దీచో, బీస్తో, ఎస్క్రీతో, ప్వెస్తో, అబియెర్తో, బ్వెల్తో, ర్రోతో, మ్వెర్తో లాంటివి. వీటిని బట్టీ పట్టడమే. పగిలిన కప్పు చూపించి నేను 'ర్రోతో' అనాల్సింది 'ర్రొంపీదో' అన్నప్పుడు, యజమానురాలి నాలుగేళ్ళ మనవడు కూడా అదే అంటాడని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

మనం ప్రత్యేకంగా చేసే తప్పు ఇంకొకటి ఉంది. 'వచ్చాడు, వచ్చింది' అని క్రియను మార్చే అలవాటు కదా, ఆడదాన్ని కాబట్టి 'వచ్చాను' అనడానికి 'ఎ యెగాదా' అనేదాన్ని. అది తప్పు. 'అబేర్' పక్కన ఎవరికైనా యెగాదోయే. తలుపు తెరిచి ఉంది అన్నప్పుడు మాత్రం 'ఎస్తా అబియెర్తా' అని మారుతుంది, అక్కడున్నది 'అబేర్' కాదు కాబట్టి. 'అబేర్'కూ దాని జంటకూ మధ్య ఇంకో మాటను దూర్చకండి. 'లేదు', 'దాన్ని' లాంటివన్నీ ముందే వస్తాయి: 'నో లో ఎ బీస్తో', నేను దాన్ని చూడలేదు.

'ఎ కొమీదో', 'కొమీ'ల ఈ గడువు లెక్క స్పెయిన్ సంగతి, అదీ అక్కడ అంతటా కాదు. గలీసియా, అస్తూరియాస్ వైపు ఈరోజు జరిగినదానికీ 'కొమీ' అనేవాళ్ళే ఎక్కువ. మెక్సికోలోనూ అంతే; ఇంకా జరగని పనికి మాత్రం 'తోదబీయా నో ఆ యెగాదో', ఇంకా రాలేదు, అనే అంటారు. మా ఆఫీసులో మెక్సికో ఆమె మధ్యాహ్నం 'యా కొమీస్తే?' అంటే 'సీ, యా కొమీ' అంటాను. అయిదు నిమిషాలకు మాడ్రిడ్ ఆయన వచ్చి 'యా అస్ కొమీదో?' అంటే 'సీ, యా ఎ కొమీదో' అంటాను. తిన్నది మాత్రం ఒకే డబ్బాలోని పెరుగన్నం.