బోర్డు మీద నీ నంబరు కనిపించినప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నిన్నటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, ఆటగాణ్ని మార్చేందుకు ఎత్తే బోర్డు మీద నీ నంబరు కనిపించినా, చేయి అడ్డంగా ఊపి మైదానంలోనే ఉండిపోయావని తెలిసింది. అలాంటి క్షణం మళ్లీ వస్తే ఏం చేయాలో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆటగాడు బయటికి రానంటే ఆట అలాగే కొనసాగాలని ఫుట్‌బాల్ మూడో నిబంధన చెబుతుంది. రిఫరీ నిన్ను బలవంతంగా పంపలేడు కాబట్టే ఆ బాధ్యత పూర్తిగా నీ మీద పడుతుంది.

2019 ఫిబ్రవరిలో వెంబ్లీలో జరిగిన ఇంగ్లిష్ లీగ్ కప్ ఫైనల్‌లో, ఎక్స్‌ట్రా టైమ్ ముగియబోతుండగా, చెల్సీ గోల్‌కీపర్ కెపా అరిజబలాగాకు కండరాలు పట్టేశాయనుకొని మేనేజర్ మౌరిజియో సర్రి అతని స్థానంలో విల్లీ కబయెరోను దింపబోయాడు. కెపా తాను బాగానే ఉన్నానని సైగ చేసి కదలలేదు. గెలుపు తేల్చే పెనాల్టీల షూటౌట్‌లో అతను ఒక పెనాల్టీ ఆపినా మాంచెస్టర్ సిటీయే 4-3తో గెలిచింది. కెపాకు వారం జీతం జరిమానా పడింది, తర్వాతి మ్యాచ్‌లో చోటు పోయింది. అదంతా అపార్థమని తర్వాత ఇద్దరూ చెప్పారు, నేనూ నమ్ముతాను. అందరూ సర్రి కోపాన్ని చూస్తుంటే నా చూపు మాత్రం గీత దగ్గర నిలబడిన కబయెరో మీదే నిలిచిపోయింది. 2016లో అదే కప్ ఫైనల్ షూటౌట్‌లో సిటీ తరఫున మూడు పెనాల్టీలు ఆపినవాడు, ఆ రోజు లోపలికి అడుగు పెట్టకుండానే వెనుదిరగవలసి వచ్చింది.

ఆ బాధ నాకు తెలుసు. కుర్రతనంలో నేను జాకెట్ విప్పి, లేసులు బిగించుకొని గీత దగ్గర నిలబడితే, మా జట్టులోని ఒక సీనియర్ బయటికి రానన్నాడు. తిరిగి బెంచీ మీద కూర్చొని జాకెట్ జిప్పు పెట్టుకోబోతే వేళ్లు వణికి అది ఎంతకీ పడలేదు.

అందుకని, కండరం పట్టి నేల మీద కూర్చున్నప్పుడే ఆడగలవో లేదో ఫిజియోకు మాటల్లో స్పష్టంగా చెప్పు, కెప్టెన్ ద్వారా బెంచీకి కబురు పంపు. అంత దూరం నుంచి చేసే సైగలను ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకుంటారు. బోర్డు లేచాక మాత్రం వాదన వద్దు, దగ్గరలో ఉన్న గీత దాటి బయటికి వచ్చెయ్యి. కోపం రావడం సహజమే. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో, షూటౌట్‌కు ముందు తనను మారుస్తారని నెదర్లాండ్స్ గోల్‌కీపర్ సిలెసెన్‌కు ఎవరూ చెప్పలేదు. అతను కోపాన్ని బయటికి వచ్చాకే చూపించాడు. అతని బదులు దిగిన క్రుల్ రెండు పెనాల్టీలు ఆపి జట్టును గెలిపించాడు.

రేపు శిక్షణకు అరగంట ముందే వెళ్లు. మేనేజర్ గదికి వెళ్లే ముందు, నిన్న నీ బదులు రావలసిన కుర్రవాడిని కలిసి క్షమాపణ చెప్పు.

నీ మేలు కోరే,
మాస్టారు