బొలీవియా బ్యాక్‌ప్యాకింగ్: దారి మ్యాపు చూసి కాదు, ఎత్తు చూసి వేసుకోండి

మూడు వారాల సెలవు ఉంది, స్పానిష్ రాదు, మాంసం తినను, లా పాజ్‌లో దిగి మర్నాడే టిటికాకా సరస్సుకు వెళ్దామనుకుంటున్నాను, ఒంటరిగా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేనూ ఒక్కడినే హాస్టళ్లలో ఉంటూ బస్సుల్లో తిరిగాను. కానీ లా పాజ్‌లో దిగే ఆలోచన మాత్రం మానుకోండి.

లా పాజ్ విమానాశ్రయం ఎల్ ఆల్టోలో, 4,060 మీటర్ల ఎత్తున ఉంది. మన లంబసింగి సుమారు 1,000 మీటర్లు, లద్దాఖ్‌లోని లేహ్ 3,500. రోజూ పరుగెత్తే అలవాటున్నవాళ్లకైనా అంత ఎత్తున మొదటి రాత్రి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఒంట్లో ఎంత బలం ఉన్నా, ఎత్తుకు అలవాటు పడటానికి ఒంటికి కొంత టైమ్ ఇవ్వాల్సిందే. కాబట్టి బొలీవియాలోనే ఉన్న సాంతా క్రూజ్‌లో దిగండి, ఆ ఊరు 400 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడి నుంచి సుక్రే (2,800), తర్వాత పొతోసి (4,000 పైనే), ఉయుని (3,650), ఆఖరున లా పాజ్, టిటికాకా.

సుక్రేలో నాలుగు రాత్రులైనా ఉండండి. తెల్లటి గోడల ఊరు, పగలు ఎండ హాయిగా ఉంటుంది. స్పానిష్ నేర్పే చోట్లు చాలా ఉన్నాయి, ఖర్చూ తక్కువే. రోజుకు రెండు గంటలు కూర్చుంటే అంకెలు, ధరలు, బస్సు టైములు అడగడం వచ్చేస్తుంది, మిగతా ప్రయాణమంతా పనికొచ్చేది అదే. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులకు వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి బయల్దేరే ముందే మీ డాక్టర్ని అడగండి, సల్ఫా ఎలర్జీ ఉంటే తప్పకుండా చెప్పండి. అక్కడ ఎక్కడికి వెళ్లినా కోకా ఆకు టీ ఇస్తారు, తాగొచ్చు. ఆ ఆకు మాత్రం బ్యాగులో పెట్టుకుని రావద్దు, మన దేశంలో అది నేరం.

తిండికి భయపడకండి. ‘వెజిటేరియన్’ అంటే చికెన్ పర్లేదనుకునేవాళ్లు చాలామంది. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని మాంసం, కోడి, చేప విడివిడిగా చెప్పండి. వేరుశనగ సూపు చాలా బాగుంటుంది కానీ తరచూ మాంసం నీళ్లతోనే కాస్తారు, అడిగి తాగండి. కీన్వా, గుడ్లు, కజ్జికాయల్లాంటి చీజ్ ఎంపనాడాలు, మొక్కజొన్న పిండి ముద్దతో చేసే ఉమింతాలు అన్నిచోట్లా దొరుకుతాయి. ఇక యాహ్వా అనే పచ్చడి ఉంటుంది. లొకోతో అనే కారపు మిరపకాయలూ టమాటాలూ వేసి బతాన్ అనే వెడల్పాటి రాతి మీద నూరుతారు. మన రోటి పచ్చడి తిన్న నాలుక దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. సుక్రే సెంట్రల్ మార్కెట్‌లో పళ్లరసం తాగితే, గ్లాసు ఖాళీ కాగానే మిక్సీలో మిగిలింది కొసరుగా పోస్తారు, లేవడానికి తొందరపడకండి.

ఉయుని ఉప్పు మైదానం 10,000 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. మూడు రోజుల జీపు టూరు తీసుకోండి. డబ్బు కట్టే ముందు ఆక్సిజన్ సిలిండర్ ఉందా, స్లీపింగ్ బ్యాగు ఇస్తారా, రెండో రాత్రి ఎంత ఎత్తున పడుకోబెడతారు అని అడగండి. ఎర్ర నీళ్ల లగూనా కొలొరాదా 4,200 మీటర్ల పైన, వేడి ఆవిర్లు చిమ్మే సోల్ దె మన్యానా 4,800 పైన ఉన్నాయి. జూన్, జూలైలో అక్కడి రాత్రులు సున్నాకు చాలా కిందికి పోతాయి. ఉప్పు మీద నీళ్లు నిలిచి అద్దంలా మెరిసేది జనవరి నుంచి మార్చి దాకా. కానీ అప్పుడు కాక్టస్ చెట్ల ఇంకావాసి దీవికి జీపులు వెళ్లలేకపోవచ్చు.

బస్సులు బాగానే ఉంటాయి. టెర్మినల్‌లో టికెట్ కాకుండా చిన్న రుసుము వేరే కట్టాలి, చిల్లర ఉంచుకోండి. లా పాజ్ నుంచి టిటికాకా ఒడ్డునున్న కోపకబానా ఊరికి వెళ్లేటప్పుడు, సరస్సు ఇరుకయ్యే తికీనా దగ్గర అందర్నీ దించేస్తారు. బస్సును చెక్క బల్లకట్టు ఎక్కించి, మనల్ని పక్కన మోటారు పడవలో దాటిస్తారు. ఆ బస్సు నీళ్ల మీద అటూ ఇటూ ఊగుతూ వస్తుంటే చూడటం నాకు చాలా ఇష్టం. పాస్‌పోర్టు, డబ్బు ఉన్న సంచి మాత్రం మీతోనే ఉంచుకోండి.

అసలు టెన్షన్ రోడ్ల దిగ్బంధాలతో. ధరలు పెరిగినా, రాజకీయ గొడవ వచ్చినా జనం రాళ్లూ లారీలూ అడ్డం పెట్టి రోడ్డు మూసేస్తారు. కొన్నిచోట్ల సామాను మోసుకుంటూ అవతలికి నడిచి వేరే బండి ఎక్కాలి. దాన్ని దాటడానికి ఎవరితోనూ వాదించకండి, అది వాళ్ల బతుకు పోరాటం. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.

వీసా సంగతి టికెట్ కొనే ముందే ఢిల్లీలోని బొలీవియా ఎంబసీలో కనుక్కోండి. ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకోండి, హైదరాబాదులోనైతే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. అది లేకుండా బొలీవియా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.