ఫారం నింపమంటే అందరూ ‘బాగుంది’ అనే రాస్తారు

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం ఎంబీఏ రెండో సంవత్సరం విద్యార్థులం. స్టార్టప్ ఆఫీసుల్లో ఉద్యోగులు పడే ఇబ్బందుల మీద ప్రాజెక్టు చేస్తున్నాం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐదు చిన్న కంపెనీలకు వెళ్లి, హెచ్‌ఆర్ వాళ్ల ద్వారా గూగుల్ ఫారం పంపించాం. అరవైకి పైగా జవాబులొచ్చాయి. ఒత్తిడి లేదు, టీమ్ బాగుంది అని దాదాపు అందరూ టిక్ పెట్టారు. లిఫ్టు దగ్గర కదిలిస్తే మాత్రం అదే మనుషులు వేరే కథ చెబుతున్నారు. మా గైడ్‌ని అడిగితే ‘శాంపిల్ పెంచండి’ అన్నారు. ఇంకొకటి. 14 మంది ఉన్న ఒక ఆఫీసులో ఒకమ్మాయి, ఫౌండర్ రాత్రిళ్లు తనకు పంపే మెసేజులు మా టీమ్‌లో ఒకరికి చూపించి ఏడ్చింది. అది రిపోర్టులో రాయవచ్చా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రెండోది ముందు చూద్దాం, దానికి గడువుంది. రిపోర్టులో రాయొద్దు. అంత చిన్న ఆఫీసులో ‘ఒకమ్మాయి’ అంటే పేరు రాసినట్టే. మీ ఉత్తరంలో ఆ కంపెనీ ఏం వ్యాపారం చేస్తుందో కూడా రాశారు. ఇక్కడ అది తీసేశాం.

మీ టీమ్‌లో ఆమె నమ్మిన మనిషి ఎవరో, వాళ్లే వెళ్లి ఈ సంగతులు చెప్పండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. పదిమంది, ఆపైన ఉన్న ప్రతి ఆఫీసులోనూ అంతర్గత కమిటీ ఉండాలి. కానీ ఫిర్యాదు యజమాని మీదే అయితే ఆ కమిటీ దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు, జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి ఇవ్వాలి. చాలామందికి తెలియనిది ఇదే. ఫౌండర్ మీద ఫౌండర్‌కే ఎలా చెప్పుకుంటాం అని ఊరుకుంటారు. ఆఖరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే మరో మూడు నెలల వరకు పొడిగించే వీలుంది. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లోనూ పెట్టవచ్చు. కోపంలో ఆ మెసేజులు డిలీట్ చేయొద్దని చెప్పండి. ఫిర్యాదు చేయడం, మానడం ఆమె ఇష్టం. మీరు తొందరపెట్టకండి.

ఇక ఫారాల సంగతి. మీరు పంపింది హెచ్‌ఆర్ చేత. జీతం ఇచ్చే చెయ్యి అందించిన కాగితం మీద ఎవరు నిజం రాస్తారమ్మా? ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే ఒకప్పుడు ఆ హెచ్‌ఆర్‌ని నేనే. మాదాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఆఫీసు, 19 మందిమి. ‘పేర్లు అక్కర్లేదు’ అని సర్వే పెట్టాను. కింద ‘మీ విభాగం’ అని ఒక గడి ఉంచాను. డిజైన్‌లో ఉన్నది ఒక్కడే కుర్రాడు. శనివారం కూడా రమ్మంటే అమ్మను డయాలిసిస్‌కి తీసుకెళ్లడం కుదరడం లేదని రాశాడు. సోమవారం ఫౌండర్ అందరి ముందూ, నిజంగా మంచి మనసుతోనే, ‘అమ్మగారికి ఎలా ఉంది?’ అని అడిగాడు. ఆ కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నెల తిరగకుండానే పేపర్లు పెట్టేశాడు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఏ సర్వే పెట్టినా అన్నీ ఐదుకి ఐదే.

కాబట్టి వయసు, విభాగం, ఎన్నేళ్ల అనుభవం అనే గడులన్నీ తీసేయండి. ఐదు ఆఫీసుల జవాబులూ ఒకే కుప్పగా చూపించండి. ఏ కంపెనీకీ విడిగా లెక్కలు ఇవ్వొద్దు, వాళ్లు అడుగుతారు, అయినా సరే.

‘ఒత్తిడి ఉందా’ అని అడిగితే ‘ఉద్యోగమన్నాక ఉండదా’ అంటారు. పోయిన బుధవారం ఇంటికి ఎన్నింటికి వెళ్లారు, ఆ రాత్రి ఆఖరి వాట్సాప్ మెసేజ్ ఎప్పుడొచ్చింది, కిందటిసారి సెలవు అడిగితే ఏమన్నారు... ఇలా అడగండి. మీ గైడ్‌కి ఏదో ఒక పేరు చూపించాలి కదా: జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లో ఈ పద్ధతి మీదే పెద్ద వ్యాసం రాశారు. అభిప్రాయం కాదు, జరిగిన ఘటన అడగమంటారాయన. ఇలా పదిహేను మందితో అరగంట చొప్పున మాట్లాడితే, శాంపిల్ ఆరొందలకు పెంచినా దొరకనివి దొరుకుతాయి.

కాగితాలూ మాట్లాడతాయి. మా ఆఫీసులో జనం 19 దగ్గరే ఎందుకు ఆగారో తెలుసా? ఇరవయ్యో ఉద్యోగి చేరితే పీఎఫ్ చట్టం కిందికి రావాలి. అందుకని తర్వాత చేరినవాళ్లందరినీ ‘కన్సల్టెంట్లు’ అన్నారు. అదే కుర్చీ, అదే పని, అదే తిట్లు. పీఎఫ్ లేదు, జీతంలో పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్. ఆ ఆఫర్ లెటర్లు టైపు చేసింది కూడా నేనే. మీరు మాట్లాడేవాళ్లను పీఎఫ్ నంబరు ఉందా, టీడీఎస్ ఎంత కట్ అవుతోంది అని అడిగి చూడండి. చాలామంది స్లిప్పు అప్పుడే మొదటిసారి సరిగ్గా చూసుకుంటారు.

మానేసి వెళ్లినవాళ్లను వదలకండి. లింక్డ్‌ఇన్‌లో దొరుకుతారు, వాళ్లకిక భయం తక్కువ. కాకపోతే సెటిల్‌మెంట్ డబ్బు రానివాళ్లు కాస్త ఎక్కువ చేసి చెబుతారు, అది మనసులో పెట్టుకుని వినండి. ఆఫీస్ బాయ్‌తో, రాత్రి తాళం వేసే వాచ్‌మన్‌తో కూడా మాట్లాడండి. ఎవరు ఎన్నింటికి వెళ్తున్నారో వాళ్లకు తెలిసినంత హెచ్‌ఆర్‌కి తెలియదు.

కాన్ఫరెన్స్ రూమ్ ఇస్తామంటారు, వద్దనండి. అద్దాల గది అది, లోపల ఎవరున్నారో అందరికీ కనిపిస్తుంది. రెండు వీధుల అవతల ఇరానీ హోటల్ చూసుకోండి. చాయ్ డబ్బులు మీరే ఇవ్వండి.