ఒక ల్యాబ్‌లో ప్లస్, ఇంకో ల్యాబ్‌లో నిల్... మూత్రంలో ప్రొటీన్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున్నే లేవగానే పట్టిన మూత్రాన్ని ల్యాబ్‌లో ఇస్తే ఆల్బుమిన్ + అని వచ్చింది. భయమేసి నీళ్లు బాగా తాగాను. రెండు రోజులాగి మధ్యాహ్నం ఇంకో ల్యాబ్‌లో ఇస్తే, వేడి చేసి చూసి నిల్ అని రాశారు. ఏది నమ్మాలి? పప్పు, గుడ్లు మానేయాలా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: రెండు ల్యాబుల్లో ఎవరూ పొరపాటు చేయకపోయినా ఇలా రావచ్చు. ఆల్బుమిన్ ఒక రకం ప్రొటీన్. రోజుకు మొత్తం ఎంత ప్రొటీన్ పోతోందో ప్లస్ గుర్తు చెప్పదు. మీరిచ్చిన ఆ కాస్త మూత్రంలో అది ఎంత చిక్కగా ఉందో మాత్రమే చెబుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు పోతోందనుకోండి (150 లోపు ఉండాలి). మూత్రం లీటరే వస్తే 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు పడి, స్ట్రిప్ (మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ) మీద ఒక ప్లస్ కనిపిస్తుంది. నీళ్లు తాగి మూడు లీటర్లు పోస్తే అది 10కి పడిపోయి, స్ట్రిప్ నిల్ అంటుంది. కిడ్నీలో మారిందేమీ లేదు.

స్ట్రిప్‌లో పసుపు రంగు గడి ఉంటుంది. ఆల్బుమిన్ తగిలితే అది ఆకుపచ్చకు, ఇంకా ఎక్కువైతే నీలం వైపుకు తిరుగుతుంది. ముంచి వెంటనే తీయాలి, అంచును డబ్బాకు ఆనించి చుక్కలు వదిలించాలి, సీసా మీద రాసిన సమయానికి, ఎక్కువగా 60 సెకన్లకు, రంగు చూడాలి. మూత్రంలోనే నానబెడితే గడిలోని ఆమ్లం కొట్టుకుపోయి, ప్రొటీన్ లేకున్నా పచ్చబడుతుంది. మూత్రం బాగా క్షారంగా ఉన్నా అంతే. సీసా మూత తీసి వదిలేస్తే తేమకు స్ట్రిప్పులే పాడవుతాయి.

వేడి పరీక్ష పాతదే కానీ, జాగ్రత్తగా చేస్తే మంచిది. మూత్రం మసకగా ఉంటే ముందు వడకట్టాలి. టెస్ట్ ట్యూబ్‌లో మూడొంతులు పోసి, అడుగు పట్టుకుని పైభాగాన్ని మాత్రమే మరిగిస్తారు. పోల్చి చూడటానికి కింది భాగం చల్లగా, తేటగా మిగలాలి. తెల్లసొన ఉడికితే తెల్లబడినట్టే, ప్రొటీన్ ఉంటే పైన తెల్లటి మబ్బు కడుతుంది. ఫాస్ఫేట్లు అనే లవణాలు ఉన్నా సరిగ్గా ఇలాంటి మబ్బే వస్తుంది! అందుకే పలచని అసిటిక్ యాసిడ్ రెండు మూడు చుక్కలు వేసి మళ్లీ మరిగించాలి. మబ్బు మాయమైతే ఫాస్ఫేట్, నిలిస్తే ప్రొటీన్. యాసిడ్ ఒలకబోస్తే కొంత ప్రొటీనూ కరిగిపోవచ్చు. పలచని మూత్రంలో వచ్చేది సన్నటి పొగలాంటి తెలుపు. వెనక నల్ల కాగితం పెట్టి చూడకపోతే కంటికి ఆనదు. మీ 'నిల్' అలా వచ్చి ఉండొచ్చు.

షుగర్ ఉన్నవారికి అసలు ఈ రెండు పరీక్షలూ చాలవు. కిడ్నీ దెబ్బ తినడం మొదలైనప్పుడు కారే కొద్దిపాటి ఆల్బుమిన్ వీటికి అందదు. మీరు యూరిన్ ఏసీఆర్ చేయించండి. ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం) పోల్చే లెక్క ఇది. నీళ్లు ఎక్కువ తాగితే రెండూ ఒకేలా పలచబడతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా మారదు. పొద్దున తొలి మూత్రం, మొదటి ధార వదిలి మధ్య ధార పట్టండి. ఆ ముందు రోజు బరువులెత్తడం, పరుగు వద్దు. జ్వరం, మూత్రంలో మంట ఉంటే తగ్గేదాకా ఆగండి.

ఏసీఆర్‌లో గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపుంటే ఏడాదికోసారి చేయించుకుంటే చాలు. 30 దాటితే మూడు నుంచి ఆరు నెలల్లో మరో రెండుసార్లు చేసి, మూడింటిలో రెండు ఎక్కువగా వస్తేనే జబ్బుగా లెక్క. 300 దాటితే మాత్రం ఇంట్లో కూర్చోకుండా కిడ్నీ డాక్టర్‌ను కలవండి.

దీంతోపాటు రక్తంలో క్రియాటినిన్, దాన్నిబట్టి కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్క కూడా చూడాలి. మీ జిల్లావారికి ఇది మరీ ముఖ్యం. ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ స్వల్పంగానే ఉంటుంది, కొందరికి ఉండదు కూడా. అక్కడ 'ఆల్బుమిన్ నిల్' చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

పప్పు, గుడ్లు తిన్నందువల్ల ఆ ప్లస్ రాలేదు. ఈజీఎఫ్ఆర్ చూశాక డాక్టర్ చెబితే తప్ప మానకండి.