ఒకే గాలికి రెండు మార్కులెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సనత్‌నగర్ దగ్గర ఉంటుంది, ఇప్పుడు ఏడో నెల. అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన ఫోన్‌లో చూసి సనత్‌నగర్ గాలి సూచీ 150 దాటింది, చెల్లెను వెంటనే ఇంటికి తీసుకురమ్మంటున్నాడు. మన ప్రభుత్వ యాప్‌లో అదే రోజు 100, 'సంతృప్తికరం' అని ఉంది. ఎవరి మాట నమ్మాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఇద్దరూ చూసింది ఒకే గాలి అయ్యుండొచ్చు. గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. 2009లో మన దేశం పెట్టుకున్న 24 గంటల పరిమితి సరిగ్గా 60, కాబట్టి మన గాలి నాణ్యత సూచీ (అంకె పెరిగేకొద్దీ గాలి అంత చెడ్డదని) దానికి 100 వేసి 'సంతృప్తికరం' అంటుంది. అమెరికా పరిమితి 35. వాళ్ల సూచీలో అదే 60 మైక్రోగ్రాములకు 150 పైన వస్తుంది, ఎర్ర రంగు పడుతుంది, 'అనారోగ్యకరం' అని రాస్తారు. బ్రిటన్‌లోనైతే సూచీయే 1 నుంచి 10 వరకు, ఈ గాలికి అక్కడ 8. మనదీ అమెరికాదీ రెండూ 500 దాకా వెళ్తాయి కాబట్టి చూసేవాళ్లకు ఒకే కొలత అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. పైగా మన సూచీ ధూళిని 24 గంటల సగటుతో లెక్కేస్తుంది, ఫోన్ యాప్‌లు చాలావరకు గడిచిన కొన్ని గంటలనే ఎక్కువగా చూస్తాయి, అందుకే తెల్లారి ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కూడా 2025 దాకా ఇదే నగరపు గాలిని తమ దేశపు సూచీలోనే చూపించేది.

మీరు చేయాల్సిందల్లా సూచీని పక్కనపెట్టి రెండు చోట్లా మైక్రోగ్రాముల అంకె, అదీ ఒకే సమయానిది, చూడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటలకు 15 మించొద్దని చెప్పింది. 60 అంటే దానికి నాలుగింతలు. ఆ గాలిని 'సంతృప్తికరం' అనడం నాకైతే మనసొప్పదు, గర్భిణి విషయంలో అసలే ఒప్పదు. మీ అబ్బాయి భయం ఉత్తది కాదమ్మా. ఏడో నెలలో ప్రయాణం చేయొచ్చా లేదా అన్నది మాత్రం ఆమెను చూస్తున్న డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: మా బోరు నీళ్ల రిపోర్టులో నైట్రేట్ 42 వచ్చింది, ల్యాబ్ వాళ్లు పర్వాలేదన్నారు. నెట్‌లో చూస్తే అమెరికాలో పరిమితి 10 మాత్రమే. ఇన్నాళ్లూ మేం విషం తాగామా?
- మిర్చి రైతు, నర్సంపేట

జవాబు: బస్తాను వడ్లుగా తూస్తే ఒక బరువు, మరపట్టించి బియ్యంగా తూస్తే ఇంకో బరువు కదా, ఇదీ అంతే. అమెరికా వాళ్లు నైట్రేట్‌లో ఉన్న నైట్రోజన్‌ను మాత్రమే తూచి లీటరుకు 10 మిల్లీగ్రాములు అంటారు, మనం మొత్తం నైట్రేట్‌ను తూచి 45 అంటాం. వాళ్ల 10ని మన లెక్కలోకి మారిస్తే దాదాపు 44. ప్రపంచ ఆరోగ్య సంస్థది 50. అంటే మూడూ దగ్గర దగ్గరే.

కానీ మీరు ఇప్పుడే ఆ రిపోర్టు తీసి చూడండి. 'నైట్రేట్' అని ఉంటే 42 పరిమితి లోపలే, అంచున ఉంది. 'నైట్రేట్ నైట్రోజన్' అని ఉంటే అది మన లెక్కలో 186, అస్సలు తాగొద్దు. రాయకపోతే ల్యాబ్‌కు వెళ్లి అడిగి రాయించుకోండి, అది మీ హక్కు. ఇంట్లో నెలల పిల్లలుంటే ఈ నీళ్లతో పాలు కలపకండి, నైట్రేట్ ఎక్కువైతే వాళ్ల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చేనుకు వేసే యూరియా, బోరు పక్కన సెప్టిక్ ట్యాంకు, రెండింటినీ అనుమానించాల్సిందే.

ప్రశ్న: మామిడితోట కూడా అడవి లెక్కలోకి వస్తుందని మా లెక్చరర్ అన్నారు, నిజమేనా?
- డిగ్రీ విద్యార్థిని, ములుగు

జవాబు: మన దేశపు లెక్కలో నిజమే. హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల నేలపై చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, భూమి ఎవరిదైనా, తోటైనా అటవీ విస్తీర్ణంలో కలుపుతారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనంలో అర హెక్టారు చాలు, నీడ అదే 10 శాతం, చెట్టు 5 మీటర్లు పెరగాలి, కానీ పండ్లతోటలు రావు. కాబట్టి ప్రాజెక్టులో వేరే దేశంతో పోలుస్తుంటే రెండు అంకెలూ ఏ నిర్వచనంతో లెక్కపెట్టారో పట్టిక కిందే రాయమ్మా, తాడ్వాయి అడవినీ పక్క ఊరి తోటనూ ఒకే గాటన కట్టకు.