సీసాలో పనిచేసిన మందు ఒంట్లో పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గుంతకల్లు, వయసు 29. ఏడాదిగా నెలసరి సరిగా రావడం లేదు. పిల్లలు లేకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయి. పాలు తెప్పించే హార్మోన్ ప్రొలాక్టిన్ 142 ఉంది. ఎంఆర్‌ఐలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో 7 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. కేబర్గోలిన్ రాశారు గానీ, రెండు మాత్రలకే వాంతులు, కళ్లు తిరగడం మొదలై మానేశాను. ట్రైఫ్లూపెరజిన్ కాల్మోడ్యులిన్‌ను అడ్డుకుని పిట్యూటరీ గడ్డ కణాలను ఆపుతుందని మా తమ్ముడు చదివాడు. మెడికల్ షాపులో చీటీ లేకుండానే స్ట్రిప్ తెచ్చాడు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఒక్కటి కూడా వేసుకోకండి.

మీ తమ్ముడు చదివింది అబద్ధం కాదు. కాల్మోడ్యులిన్ మన కణాలన్నిట్లో ఉండే చిన్న ప్రొటీన్. కణంలో కాల్షియం పెరిగితే నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకుని, మిగతా ప్రొటీన్లను పనికి పురమాయిస్తుంది. ప్రొలాక్టిన్ బయటికి రావాలన్నా, కణం రెండుగా చీలాలన్నా దాని చేయి ఉండాలి. దాన్ని అడ్డుకుంటే రెండూ మందగిస్తాయి. ఇది ఎక్కువగా చూసింది జీహెచ్3 కణాల్లో. 1960లలో ఎలుక పిట్యూటరీ గడ్డ నుంచి తీసి, ల్యాబుల్లో పెంచుతూ వస్తున్న కణాలవి.

కర్నూలుకు రాకముందు రెండేళ్లు వాటిని నేనే పెంచాను. ఫ్లాస్క్ అడుగున గుండ్రంగా, గుత్తులు గుత్తులుగా ఉండేవి. కాస్త గట్టిగా కదిపితే ఊడొచ్చేవి. వాటికి పోసే ద్రవం గులాబీ రంగు, అవి పెరిగేకొద్దీ పసుపుకు తిరిగేది. మందు కలిపిన ఫ్లాస్క్ మూడో రోజుకు కూడా గులాబీగానే ఉంటే ఎంత సంతోషపడ్డానో!

కానీ ఆ కణాలకు డోపమైన్ రిసెప్టర్ (డోపమైన్ అనే రసాయనం వచ్చి అతుక్కునే చోటు) లేదు. మీ గడ్డ అలా కాదు. మెదడు నుంచి వచ్చే డోపమైన్ ఆ రిసెప్టర్ మీద పడి ప్రొలాక్టిన్‌కు బ్రేక్ వేస్తుంది. ట్రైఫ్లూపెరజిన్ మానసిక జబ్బులకు ఇచ్చే మందు, సరిగ్గా ఆ రిసెప్టర్‌నే మూసేస్తుంది. అంటే మీ ప్రొలాక్టిన్ ఇంకా పెరుగుతుంది. పైగా సీసాలో మేం కలిపిన మోతాదు, మాత్ర వేసుకున్నవాళ్ల రక్తంలో చేరేదానికి వందల రెట్లు ఎక్కువ. (మానసిక వైద్యం కోసం ఈ మందు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఆపేయకండి. మీ డాక్టరును అడగండి.)

కేబర్గోలిన్ చేసేది దీనికి పూర్తిగా తలకిందుల పని, ఆ బ్రేకునే నొక్కుతుంది. మీలాంటి చిన్న గడ్డలు చాలావరకు దానితోనే తగ్గుతాయి, ఆపరేషన్ దాకా పోవు. అందుకే మీరు మానేశారని చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. మీ డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లి, పడలేదని చెప్పండి. మోతాదు బాగా తగ్గించి మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచొచ్చు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకుంటే వికారం చాలామందికి తగ్గుతుంది. పొద్దున మంచం మీంచి చటుక్కున లేవకండి.

వాంతులకని డొంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ సొంతంగా కొనుక్కోకండి. అవీ ప్రొలాక్టిన్‌ను పెంచేవే. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, పక్క చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మందు పనిచేస్తే నెలసరి రాకముందే గర్భం నిలవొచ్చు, ఆ సంగతీ డాక్టరుతో మాట్లాడండి.

వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ తీసుకెళ్లి చూపించండి. తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.